పెరటి గుమ్మం లేని ఇల్లు

నిరుడు వేసవిలో నూజివీడు నుంచి మాకు వచ్చిన మామిడిపళ్ల గంపలో ఒక ఇల్లు వచ్చింది. మాటవరసకి అనడం లేదు, నిజంగా ఇల్లే. పళ్లు తీసి గదిలో గడ్డి మీద పరుస్తుంటే అడుగున ఏదో గట్టిగా వేలికి తగిలింది. పైకి తీస్తే, రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెట్టినంత మేడ. ఎర్ర పెంకుల కప్పు, దాని మీద పొగగొట్టం, ముందు రాతి మెట్లు, కిటికీలకి చెక్క తలుపులు. ఒక తలుపు కీలు ఊడి వాలిపోయినట్టు కూడా చేశారు. అలాంటి ఇల్లు మా రాజమండ్రిలో లేదు, నేను చూసిన ఏ ఊళ్లోనూ లేదు.

నాకు బొమ్మల కొలువు పిచ్చి. ఏటా మా వీధిలో అందరికన్నా పెద్ద కొలువు మా ఇంట్లోనే పెడతాను. కాదన్నవాళ్లతో పేచీ పెట్టుకుంటాను. బొమ్మలు ఎన్నయినా దొరుకుతాయి కానీ వాటి పక్కన పెట్టడానికి ఇళ్లు దొరకవు. ఇన్నేళ్లూ అట్టముక్కల ఇళ్లతో సరిపెట్టుకున్నదాన్ని, ఆ మేడ చూసేసరికి మనసు ఆగలేదు. దానికి లోపమల్లా ఒక్కటే. మూడు వైపులా అంత శ్రద్ధ పెట్టినవాళ్లు వెనక గోడ మాత్రం ఉత్త చెక్కగా వదిలేశారు. గుమ్మం లేదు, కిటికీ లేదు. పెరటి గుమ్మం లేకపోతే ఆ ఇంటి ఇల్లాలు అంట్లు ఎక్కడ తోముకుంటుంది, కుడితి ఎటు తీసుకెళ్తుంది? చేసినవాడు మగవాడై ఉంటాడనుకుని, జాజు ఎర్రమట్టి కలిపి పుల్లతో నేనే అక్కడ ఒక గుమ్మం గీశాను. గడపకి పసుపు రాసి కుంకుమ బొట్లు కూడా పెట్టాను.

గంప పంపింది కోటయ్య గారు. మావారికి వేలువిడిచిన బావ, నాకు అన్నయ్య వరస, నూజివీడులో మామిడిపళ్ల వ్యాపారం. ఆ ఇల్లు ఎవరు చేశారో కనుక్కోమని మావారి ప్రాణం తోడేశాను. విస్సన్నపేట దగ్గర తోటలో ఉండే, సైన్యంలో పనిచేసి వచ్చిన జమేదారు గారు చేశారనీ, అది పోయిందని ఆయన ఊరంతా వెతుకుతున్నారనీ, గంపలోకి ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదనీ, తెచ్చి ఇస్తే పుణ్యం ఉంటుందనీ కబురు వచ్చింది. పుణ్యం మాట ఎలా ఉన్నా, నా కొలువుకి ఒక వీధి వీధంతా చేయించుకోవచ్చన్న ఆశతో, కొట్టు గుమాస్తాకి అప్పగించి మావారిని బయల్దేరదీశాను. అప్పటికి తొలకరి పడి మామిడిపళ్లు ముగింపుకి వచ్చాయి.

బొగ్గు బస్సు

నూజివీడు స్టేషన్లో దిగితే నూజివీడు కనపడదు. పేరు మాత్రం రైల్వేవాళ్లు వాడుకుని, ఊరిని ఎక్కడో మైళ్ల దూరాన వదిలేశారు. అక్కడినుంచి బస్సు. మన వైపు బొగ్గు బస్సులు ఇప్పుడు తగ్గాయి కానీ ఆ దారిలో ఇంకా నడుస్తున్నాయి. వెనక పీపాలో బొగ్గు రాజేసి, క్లీనరు చాలాసేపు చక్రం తిప్పితే, అప్పుడు దానికి మనసు పుట్టి కదులుతుంది. చిన్న మిట్ట వస్తే మగవాళ్లందరూ దిగి నడవాలి. మావారు రెండుసార్లు దిగి నడిచి, టిక్కెట్టు పెట్టి కొనుక్కుని నడవడం ఇదే మొదటిసారి అన్నారు. డ్రైవరు ఏమీ నొచ్చుకోలేదు. గాలి బాగుంటుందండీ, నడవండి అన్నాడు.

దారి మొదట్లో వరిచేలు, తరవాత ఎర్రమట్టి, ఆపైన ఇక తోటలే. మా గోదావరి గట్టున కొబ్బరిచెట్లు ఎలాగో ఇక్కడ మామిడిచెట్లు అలాగ. కాకపోతే కొబ్బరిచెట్టు నీడ ఇవ్వదు. ఇక్కడ నీడలోకి ఒకసారి వెళ్తే బయటికి రాబుద్ధి కాదు. బస్సులో నా పక్కన కూర్చున్న ముసలావిడ, జి. కొండూరు నుంచి కూతురింటికి వెళ్తోందట, నా ఒళ్లో ఉన్న గుడ్డమూట ఏమిటని అడిగింది. విప్పి చూపించాను. చాలాసేపు చూసి, ఈ ఇంటివాళ్లు ఏమయ్యారు అని అడిగింది. నాకేం తెలుస్తుంది?

నూజివీడు

కోటయ్య గారి ఇంట్లో ఆ పూట మామిడిపళ్లతోనే భోజనం. మేము బంగినపల్లి కోసి, ముక్కలు పళ్లెంలో సర్దుకుని మర్యాదగా తింటాం. ఇక్కడివాళ్లు బంగినపల్లిని లెక్కచెయ్యరు. రసం పండు చేత్తో పిసికి పిసికి మెత్తబరిచి, తొడిమ తీసి, పెరుగన్నంలోకి పిండుకుంటారు. మిగిలిన టెంకని చీకుతారు. మోచేతి దాకా కారినా ఎవరూ సిగ్గుపడరు. మావారు సిగ్గుపడుతూనే నాలుగు తిన్నారు. రాజమండ్రిలో మేము అణా పెట్టి కొనే పండు ఇక్కడ కొసరు కింద పడేస్తారని తెలిసి, ఆయన ఆ రాత్రంతా బెంగపడ్డారు.

కోటయ్య గారు మంచి మనిషి. చీమలు కనపడితే తొక్కకుండా పక్కకి జరిగి నడుస్తారు. అలాంటాయన, జమేదారు గారికీ మీకూ స్నేహం ఎలా కుదిరిందని అడిగితే, మేమిద్దరం ఏటా యుద్ధం చేస్తాం కదమ్మా, నేను జర్మనీవాణ్ణి అన్నారు. అర్థమయ్యేలా చెప్పమన్నాను. జమేదారు గారు సైన్యంలో వంతెనలు కట్టే, మందుపాతరలు తీసే దళంలో పనిచేశారట. ఇటలీ దాకా వెళ్లివచ్చారు. అక్కడ యుద్ధానికి ముందు దొరలు పెద్ద బల్ల మీద ఇసుక పోసి, కొండలూ రోడ్లూ చేసి, చిన్న చిన్న ఇళ్లు పెట్టి, ఎటునుంచి ఎలా వెళ్లాలో సిపాయిలకి చూపించేవారట. ఆ ఇళ్లు చెయ్యడం ఈయన పని. తిరిగొచ్చాక తోటలో పళ్లు సర్దే పాకలో అలాంటి బల్లే పెట్టుకున్నారు. పళ్ల పని అయిపోయి పాక ఖాళీ అవగానే, ఇద్దరూ దాని మీద గవ్వలు వేసుకుంటూ యుద్ధం ఆడతారు.

నా కొలువు మేడ యుద్ధానికి చేసినదన్నమాట. కొంచెం మనసు చివుక్కుమంది కానీ, వీధంతా చేయించుకోవాలన్న ఆశ మాత్రం చావలేదు.

జమేదారు గారి తోట

మర్నాడు కోటయ్య గారి బండిలోనే విస్సన్నపేట దాటి తోటకి వెళ్లాం. జమేదారు గారు ఎదురొచ్చారు. పొడవాటి మనిషి, తెల్లటి మీసం, పంచెకట్టు మీద ఖాకీ చొక్కా. నమస్కారం పెట్టి, మా క్షేమం అడగడానికి ముందే, తెచ్చారా అండి అన్నారు. మూట విప్పి చేతిలో పెడితే ఇంటిని రెండు చేతులతో పట్టుకుని, కప్పంతా వేలితో తడిమారు. మళ్లీ చెయ్యాలని చాలా తంటాలు పడ్డారట, ఆ కప్పు వాలు కుదరలేదట.

ఆయన భార్య వెంకటరత్నం గారు అరుగు మీద ఉన్నారు. చాట్రాయి ఊరి ఆడపడుచు. నేను ఇల్లు తెచ్చానని తెలిసి ఆవిడ సంతోషించకపోగా, ముఖం వాడిపోవడం చూశాను. పిలవని పేరంటానికి వచ్చినట్టు అనిపించి నాకు ఒళ్లు మండింది. బొగ్గు పొగ మింగి, బండిలో కుదుపులు తిని అంతదూరం వచ్చాం కదా మరి.

పాకలోకి వెళ్లాక ఆ మంటంతా మరిచిపోయాను. గోడ పొడవునా బల్ల మీద ఊళ్లకి ఊళ్లు. కొండపల్లి బొమ్మలకి వాడే పొనికి కర్రని తమలపాకంత పలచగా చెక్కి గోడలు నిలబెట్టారు. చింతగింజల జిగురులో జల్లించిన మట్టి కలిపి పూశారు. పెంకుల కోసం, గంపలు అల్లగా మిగిలిన వెదురు చీలికలు తెచ్చి, జాజు అద్ది, ఒక్కొక్కటే అతికించారు. గుడి గంట ఉంది, వంతెన ఉంది, కాలువ గట్టున బట్టలు ఉతికే బండ ఉంది. అన్నిటికన్నా నాకు నచ్చినవి పశువుల పాకలు. వాటి కప్పులు మామిడి టెంకలు. పీచున్న రసం పండు టెంకని చీకి, కడిగి, ఎండబెట్టి, దువ్వెనతో పీచు ఒకవైపుకి దువ్వితే, అచ్చు గడ్డి కప్పు. అంతకన్నా బాగా ఏ పనివాడూ కప్పు నెయ్యలేడు.

అందువల్ల ఆ ఇంట్లో మామిడిపండు తినడానికి ఒక పద్ధతి ఉంది. వచ్చినవాళ్లు ఎవరైనా సరే, టెంకకి పన్ను తగలకుండా చీకాలి. కొరికితే పీచు తెగి కప్పుకి పనికిరాదు. నాకు ముందు ఎవరూ చెప్పలేదు. ఇచ్చిన పండు శుభ్రంగా కొరికి పారేశాను. జమేదారు గారు ఆ టెంక తీసి చూసి, పైకి ఏమీ అనకుండా కిటికీలోంచి అవతల పడేశారు. అది మంచి పశువుల పాక అయ్యేదట, కోటయ్య గారు తరవాత చెప్పారు.

చూడని గోడ

అప్పుడు జమేదారు గారు నేను తెచ్చిన ఇల్లు వెలుతురులో పెట్టి తిప్పి చూశారు. వెనక నా జాజు గుమ్మం, పసుపు గడప. ముఖం మారిపోయింది.

"ఇది నేను పెట్టలేదండి" అన్నారు.

నేనే గీశానని, పెరటి గుమ్మం లేని ఇల్లు ఉండదు కదా అని చెప్పాను. ఆయన కోపం అణుచుకుంటూ నన్ను బల్ల అవతలి వైపుకి తీసుకెళ్లారు. అటునుంచి చూస్తే నాకు గమ్మత్తుగా అనిపించింది. సగం ఇళ్లకి వెనక ఏమీ లేదు, ఉత్త చెక్క. కొన్నిటికి ఒక పక్క గోడ కూడా లేదు. ఆయన ఆ ఊళ్లన్నీ రోడ్డు మీద నడుస్తూ చూశారట. కంటితో చూసింది మాత్రమే కడతారు. చూడనిది కట్టడం అబద్ధం చెప్పడమే, దాన్ని నమ్ముకుని దారి వేస్తే మనుషులు చస్తారండీ అన్నారు. ఆ పట్టుదలకి నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను. నా కొలువులో ఏ బొమ్మకి ఏ బొమ్మ పక్కన చోటన్నది కూడా నేను అంత నిక్కచ్చిగా ఎన్నడూ చూసుకోలేదు.

తడిగుడ్డ తెమ్మన్నారు, గుమ్మం తుడిచెయ్యడానికి. వెంకటరత్నం గారు తేలేదు. ఇల్లు ఆయన చేతిలోంచి తీసుకుని, ఆ పసుపు గడప వంకే చూస్తూ, అన్నం చల్లారిపోతోంది, రేపు తుడుచుకోవచ్చులెండి అన్నారు.

వంటింట్లో

ఆ సాయంత్రం మగవాళ్లు తోటలోకి వెళ్లాక, వంటింట్లో మామిడికాయ పప్పుకి తిరగమోత పెడుతూ వెంకటరత్నం గారు నాతో అసలు సంగతి చెప్పారు.

ఆవిడకి ఒక్కడే తమ్ముడు, సత్యం. బావగారి వెంట తనూ సైన్యంలో చేరాడు. ఇద్దరూ ఒకే దళం. ఇటలీలో ఒక ఊళ్లో రోడ్డు పక్క మేడలో మందుపాతరలు ఉన్నాయేమో చూసి రావాలి. అది చూస్తేగానీ వెనకవాళ్లకి దారి లేదు. నిదానంగా, జాగ్రత్తగా పనిచేసేవాడని జమేదారు గారు సత్యాన్ని పంపారు. వాడు లోపలికి వెళ్లాక ఎదుటి కొండ మీంచి ఫిరంగి పేలింది. మేడ కూలింది. జమేదారు గారు రోడ్డుకి ఇవతల గోతిలో పడుకుని, ఆ ముందు గుమ్మం వంక చూస్తూనే ఉన్నారు. వాడు బయటికి రాలేదు.

నేను తెచ్చింది ఆ మేడే. బల్ల మీద వాళ్లు ఏటా ఆడేది ఆ రోజే. మరోలా చేసి ఉంటే సత్యం బతికేవాడా అని ఆయన ఏటా ఒక కొత్త ఉపాయం పన్నుతారు. సిపాయిలు చింతగింజలు, సత్యం మాత్రం ఒక గురివింద గింజ. ఏ ఉపాయం పన్నినా ఎవరో ఒకరు ఇంట్లోకి వెళ్లక తప్పదు, ఆయన ఇంకొకర్ని పంపరు. గింజ లోపలికి వెళ్తుంది, కోటయ్య గారి గవ్వలు పడతాయి, ఇల్లు కూలుతుంది. ఆ తరవాత ఆయన కొన్నాళ్లు అన్నం సరిగా తినరు.

"వాడు బతికాడని నేనేం అనుకోవడం లేదు వదినగారూ. పోయినవాణ్ణి ఏటా ఒకసారి చంపుకోవడం ఎందుకండీ? అందుకే కోటయ్య గారికి వెళ్లే పళ్ల గంపలో పెట్టేశాను."

పీడ వదిలిందని ఆవిడ అనుకుంటే, నేను గుడ్డలో చుట్టి, పసుపు కుంకుమ పెట్టి మరీ మోసుకొచ్చాను. క్షమించమన్నాను. ఆవిడ మాత్రం పొయ్యి పక్కన పెట్టిన ఇల్లు తిప్పి, నేను గీసిన గుమ్మం మీద వేలు పెట్టి, ఇది మీరు ఊరికే గీశారా, ఎవరైనా చెప్పారా అని అడిగారు. ఊరికేనే గీశానన్నాను.

ఆట

మర్నాడు మధ్యాహ్నం వాన. పాకలో బల్ల మీద ఇసుక తడిపి, కొండ, రోడ్డు, గోయి సిద్ధం చేశారు. కొండ మీద కోటయ్య గారి ఫిరంగి, ఇత్తడి గొట్టం ముక్క. ఆట పద్ధతి తేలికే. వంతులవారీగా గింజలు జరపాలి. ఫిరంగివాడు గవ్వలు వేసి, చాలినన్ని వెల్లకిలా పడితే దెబ్బ తగిలినట్టు. రెండు దెబ్బలకి ఇల్లు సగం ఊడదీస్తారు, మూడో దెబ్బకి మొత్తం కూల్చేస్తారు. ఆ ఇల్లు ముక్కలుగా విడదీసి మళ్లీ అమర్చేలా చేసినదే. ఫిరంగికి కనపడినదాన్నే కొట్టాలి. ముందు గుమ్మంలోంచి పరుగెత్తినవాణ్ణి అది చూస్తుంది కనుక, వాడు చచ్చినట్టే.

జమేదారు గారు ఇల్లు తెచ్చి రోడ్డు పక్కన పెట్టి, తడిగుడ్డ అందుకోబోయారు. అప్పుడు వెంకటరత్నం గారు చెయ్యి కడుక్కుని వచ్చి, బల్ల దగ్గర ఆయన చోట నిలబడ్డారు.

"ఈసారి నేను ఆడతానండి. అది తుడవకండి."

ఆటకి అడ్డమని ఆయన ఏదో అనబోయారు. ఇంటిని గంపలో పెట్టింది తనేనని ఆవిడ చెప్పారు. ఎందుకు పెట్టిందో కూడా, నాకు చెప్పిన మాటల్లోనే చెప్పారు. కోటయ్య గారు తల దించుకున్నారు. జమేదారు గారు గురివింద గింజ తీసి ఆవిడ చేతిలో పెట్టారు.

ఆవిడ ఏ ఉపాయమూ పన్నలేదు. గింజని తిన్నగా రోడ్డు దాటించి ముందు గుమ్మంలోకి పంపారు. కోటయ్య గారు గవ్వలు వేశారు. తగిలింది. మళ్లీ ఆయన వంతు వచ్చాక మళ్లీ తగిలింది. పద్ధతి ప్రకారం కప్పు తీసి పక్కన పెట్టారు, ముందు మెట్లు ఊడదీశారు. పైనుంచి చూస్తే లోపల ఎర్రగా గింజ కనపడుతోంది. బొమ్మలాటే కదా అని నాకు నేను చెప్పుకున్నాను, లాభం లేకపోయింది.

వెంకటరత్నం గారు గింజని తీసి, నా పసుపు గడప అవతల, ఇసుకలో పెట్టారు.

"అక్కడ గుమ్మం లేదు రత్నం" అన్నారు జమేదారు గారు, మెల్లగా. "అది ఆవిడ గీసింది."

"లేదని మీరు చూశారా?"

"చూడలేదు. నేను ఇవతల గోతిలో ఉన్నాను."

"చూడనిది కట్టనంటారు కదా. మరి చూడకుండా అక్కడ గోడ ఎలా కట్టారండీ?"

జమేదారు గారు ఆ వెనక గోడ వంక చూస్తూ ఉండిపోయారు. అంత నిక్కచ్చి మనిషి ఇన్నేళ్లూ తాను చూడని ఆ ఒక్క గోడనీ, చూసినట్టే నమ్మారన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. నాకు ఏడుపొచ్చింది.

వంతు కోటయ్య గారిది. గవ్వలు గుప్పిట్లో పట్టుకుని, కొండ దగ్గరికి వంగి, ఒక కన్ను మూసి ఫిరంగి వెనకనుంచి చూశారు. చాలా జాగ్రత్తగా చూశారు.

"ఇంటి వెనక ఉన్నది నాకు కనపడటం లేదండి. కనపడనిదాన్ని కొట్టకూడదని మీరు పెట్టిన రూలేగా" అని గవ్వలు ఇసుక మీద పెట్టేశారు.

జమేదారు గారు అక్కడే పీట మీద కూలబడి, ఖాకీ చొక్కా చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చారు. వెంకటరత్నం గారు ఆయన వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. గురివింద గింజని కొంగున కట్టుకున్నారు. మేము ముగ్గురం వానలోనే అరుగు మీదికి వచ్చేశాం. మావారు తల తుడుచుకుంటూ, ఇంటికి వెళ్లాక కొలువుకి ఇంకో మెట్టు కట్టిస్తానన్నారు. ఎందుకన్నారో ఆయనకే తెలియాలి.

చివరి పండు

బయల్దేరే రోజు పొద్దున్నే పాకలోకి వెళ్తే, జమేదారు గారు ఆ మేడ వెనక గోడకి కత్తి పెట్టి, నేను గీసిన గీత వెంబడే గుమ్మం కోస్తున్నారు. వెంకటరత్నం గారు పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. గుమ్మం అవతల ఏముండాలని ఆయన అడుగుతుంటే ఆవిడ చెబుతున్నారు. ఒక అరుగు కావాలి, తమ్ముడికి అరుగు మీద పడుకోవడం అలవాటు. నూతి గట్టు కావాలి. తులసికోట కావాలి. ఇటలీలో తులసికోట ఉండదని ఆయనకి తెలియదా? పొనికి ముక్క తీసుకుని కోట చెక్కడం మొదలుపెట్టారు.

నా వీధి సంగతి నేను ఎత్తలేదు. ఆయనే బల్ల మీంచి ఒక పశువుల పాక తీసి, కొలువులో పెట్టుకోమని ఇచ్చారు. నాలుగు వైపులా కట్టింది, ఆయన తన తోటలో రోజూ చూసే పాకనే. ఇప్పుడు మా ఇంట్లో ఉంది, వస్తే చూపిస్తాను.

బండి కట్టేలోపు వెంకటరత్నం గారు చెట్టు చివరి కాపులోంచి ఒక రసం పండు కడిగి తెచ్చి నా చేతిలో పెట్టారు. పెరట్లో ఆవు ఉండాలటండి, దానికి పాక కావాలి అన్నారు జమేదారు గారు, తల ఎత్తకుండానే. నేను ఆయన పనిచేస్తున్న పాక గడప మీదే కూర్చున్నాను. అవతల బండివాడు తొందరపెడుతున్నా వినకుండా, మోచేతి దాకా కారుతున్నా తుడుచుకోకుండా, ఆ టెంకకి ఒక్క పన్నూ తగలనివ్వకుండా చీకి, కడిగి, ఆయన చేతికి ఇచ్చి వచ్చాను.